ఏనుగుల కచేరీకి దొంగపూత

బారెడు పొద్దెక్కేసరికి శ్వేతశైల యువరాజు వసుకేతుడు గడ్డం అంటించుకుని, మాసిన గోచీ బిగించి, తలమీద సున్నపు తట్ట పెట్టుకుని తన సొంత రాజధానిలోకి దొంగలా అడుగుపెట్టాడు. కోటవాకిట కావలివాళ్లు అతడి వంక కన్నెత్తి కూడా చూడలేదు. మూడు రోజుల క్రితం వరకూ అతడి గుర్రం రేపిన దుమ్ము కనిపిస్తే చాలు, బాకాలు ఊదినవాళ్లు వాళ్లే.

రాజవీధి మలుపులో ఇద్దరు ఆడవాళ్లు ప్రమిద వెలిగించి దండం పెట్టుకుంటున్నారు.

"చిన్న దంతాలున్న ఏనుగు మన యువరాజేనంట వదినా. నిన్నటి నుంచి మేత ముట్టలేదంట" అంది ఒకామె.

"ఎట్టా ముడతాడమ్మా! వెన్నముద్దలు తిన్న నోరు. ఆ తల్లి యక్షి చల్లగా చూసి మన చిన్నదొరను మనకిస్తే, కచేరీ చుట్టూ పొర్లుదండాలు పెడతాను" అని రెండో ఆమె కళ్లు తుడుచుకుంది.

ఏనుగు కాని ఆ యువరాజు వాళ్ల పక్కనుంచే తలవంచుకుని వెళ్లిపోయాడు. తట్ట బరువుకు మెడ వంగిందని చూసినవాళ్లు అనుకుని ఉంటారు.

ఏనుగుల కచేరీ సంగతి ఎరగని పాఠకులకు ఇక్కడ నాలుగు మాటలు చెప్పక తప్పదు. తొమ్మిది తరాల క్రితం గజవాహన మహారాజు తన రెండు వందల ఏనుగుల కోసం నల్లరాతితో కట్టించిన శాల అది. అంబారీ దించకుండా ఏనుగు దూరగలిగే ద్వారాలు ఏడు. ఏనుగు వీపు రుద్దుకున్నా చెక్కుచెదరని గోడలు, నీళ్లు నిలవకుండా వాలుగా పరిచిన నేల, ఆ నీళ్లు పోవడానికి మనిషి వంగి నడవగలిగిన తూము. తర్వాత ఒక మహాయుద్ధంలో ఏనుగులన్నీ పోయి రాజ్యం మాత్రం మిగిలింది. పాత కొలువుకూటం తగలబడి ఉండటంతో మంత్రులనూ లేఖకులనూ తెచ్చి ఖాళీగా ఉన్న ఏనుగులశాలలో కూర్చోబెట్టారు. తాత్కాలికమే అన్నారు. ప్రభుత్వం వారి తాత్కాలికం కదా, నూట అరవై ఏళ్లయింది.

గొలుసులు కట్టే ఇనుప కడియాలు గోడలకు అలాగే ఉండిపోయాయి. లేఖకులు వాటికి తలపాగాలు తగిలించుకునేవారు. ఆ తర్వాతి రాజు పైన ఎర్ర ఇటుకతో రెండో అంతస్తు లేపాడు. చిలకలు చెక్కిన అరవైనాలుగు టేకు స్తంభాల వసారా, తాటాకు దస్త్రాల గదులు, అర్జీదారులు నిరీక్షించడానికి రాతి అరుగులు. ఆ రాళ్లను ఎద్దులు ఈడ్చుకెళ్లిన వాలుబాటే పైకి దారి, మెట్లు లేవు. ముసలి మంత్రులు సంతోషించారు గానీ వానాకాలంలో జారి నడుములు విరగ్గొట్టుకున్నవారూ ఉన్నారు.

గుమ్మటం మాత్రం హేమాంగన రాణి కట్టించింది. మూడుసార్లు లేపారు, మూడుసార్లు కూలింది. ఊళ్లో మశూచి తగిలి పనివాళ్లు సగమైపోయారు. నాలుగోసారి రాణి స్వయంగా చీర చెంగు దోపుకుని, సున్నపు గుంటలోకి దిగి, పనివాళ్లతో సమానంగా సున్నం పిసికింది. చేతులు బొబ్బలెక్కినా గుంటలోంచి పైకి రాలేదు. అది చూసి ఆ స్థలాన్ని ఏలే యక్షి ఉత్తరద్వారం మీద రాతి బొమ్మగా వెలసి మాటిచ్చిందట. "ఏటా శరత్తు మొదటి పున్నమి ఉదయం మీ వంశంవాళ్లు ఒకరు ఈ గుమ్మానికి ఒట్టి చేత్తో తొలిపూత వేస్తున్నంతకాలం శత్రువును లోపలికి రానివ్వను" అని.

ఐదు తరాలు ఆ పూత తప్పలేదు. కళ్లలో సున్నం పడకుండా తల నిండా తడిగుడ్డ కప్పుకుని, కళ్ల దగ్గర సందు మాత్రం ఉంచుకుని రాజవంశీకుడు గుమ్మం ముందు గొంతుకూర్చునేవాడు. ఈ ఏడు ఆ వంతు మొదటిసారి వసుకేతుడికి వచ్చింది.

సరిగ్గా అదే పున్నమికి పొరుగు దేశాల రాకుమారులు గుర్రపుస్వారీ వినోదానికి విచ్చేశారు. వాళ్ల ముందు గోచీ పెట్టుకుని, కూలివాళ్ల మధ్య గొంతుకూర్చుని సున్నం పూయడమా! వసుకేతుడికి తల కొట్టేసినట్టయింది. తన తాంబూలపు అడపం మోసే పింగళుడికి తన ఉంగరం తొడిగి, తడిగుడ్డ కప్పి, గుమ్మం ముందు కూర్చోబెట్టి తాను గుర్రమెక్కి వెళ్లిపోయాడు. గుడ్డ మాటున ఎవరున్నారో ఎవరూ అడగలేదు. పింగళుడు పూశాడు, జనం జేజేలు కొట్టారు, మంగళవాద్యాలు మోగాయి.

ఆ మధ్యాహ్నమే ధూమ్రజంఘుడనే మాంత్రికుడు ఉత్తరద్వారం గుండా పిలిచిన చుట్టంలా నడుచుకుంటూ వచ్చాడు. కొలువు తీరిన ధరణీవర్మ మహారాజు ఎదుట నిలిచి తన పొగదండం ఎత్తి, "ఈ కట్టడం పూర్వం ఏదో మళ్లీ అదే అగుగాక!" అన్నాడు. రాజూ మంత్రులూ లేఖకులూ ఉన్నచోటనే ఏనుగులైపోయారు. గోడ కడియాలకు గొలుసులు మొలిచాయి. పింగళుడు ఆ సాయంత్రమే అత్తవారి ఊరికి పారిపోయాడు.

రాజవంశంలో స్వారీకి వెళ్లిన వసుకేతుడు ఒక్కడే మిగిలాడు. మొసళ్ల మడుగులు దాటి వెళ్లి, ఆ పొగదండాన్ని విరిస్తే మంత్రం విడిపోతుందని అడవిలో ముని చెప్పగా విన్నాడు కనుక ఇలా వేషం మార్చి వచ్చాడు. దండం విరిచేస్తే అందరూ మనుషులైపోతారు, అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. మూడు రోజులుగా అతడి ధైర్యమంతా ఆ చెప్పుకోనక్కర్లేకపోవడం కోసమే.

కానీ కచేరీ వెనక్కు చేరేసరికి దండోరా వినిపించింది. "వినండహో! సున్నపు పెద్ద దుగ్గన కలిపిన సున్నంలో దోషం ఉండబట్టి తొలిపూత చెల్లలేదని తేలింది. రాచకట్టడానికి దొంగసున్నం కలిపినవాడి చేయి తీసేయాలన్నది పాత శాసనం. ఈ మధ్యాహ్నం ఉత్తరద్వారం ఎదుట దుగ్గన కుడిచేయి తీసి యక్షికి అర్పిస్తారహో!"

వసుకేతుడి తట్ట జారి కిందపడింది. ఆజ్ఞ ఇచ్చింది ఏనుగు కాకుండా మిగిలిన ఒకే ఒక అధికారి, దండనాయకుడు రణభీముడు. ఆయనకు శాసనం తెలుసు గానీ సంగతి తెలియదు. తెలిసినవాడు ఇక్కడ ఏనుగుల తూము ముందు నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. అతడు నోరు తెరవకుండా తూములోకి దూరాడు.

తూము చీకటిగా, పాచి పట్టి ఉంది. నూరు అడుగులు వంగి నడిచి రాతి మూత పైకెత్తి చూస్తే ఎదురుగా ఏనుగులు! స్తంభాల వరసల మధ్య నలభైమూడు ఏనుగులు గొలుసులు లాగుతూ ఘీంకరిస్తున్నాయి. ఒకదాని చెవికి ఇంకా గంటం దోపి ఉంది. ప్రధాన లేఖకుడై ఉండాలి. సింహాసనం ఉండేచోట, నుదుట తెల్లమచ్చ ఉన్న పెద్ద ఏనుగు మాత్రం చప్పుడు చేయకుండా నిలబడి ఉంది. కాలికి బంగారు అందె. వసుకేతుడు ఆ అందెను గుర్తుపట్టాడు, చూపు తిప్పుకున్నాడు.

"స్ స్..." మని వెనక నుంచి చప్పుడు! తాటిమాను లావున పొగసర్పం ఒకటి నేలమీద పాకి వస్తోంది. వసుకేతుడు వాలుబాట మీద పరుగు లంకించుకున్నాడు. సర్పం కాటు వేసింది. అతడు పక్కకు దూకాడు. కాటు పడ్డచోట రాయి కాలి నల్లబడింది. టేకు స్తంభాల వసారాలో అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పరుగెత్తాడు. సర్పం వెంటపడి స్తంభం తర్వాత స్తంభం చుట్టుకుని తన ఒంటికి తానే ముడిపడింది. అది ముడి విప్పుకునేలోపు యువరాజు గుమ్మటం కిందకు చేరాడు.

పన్నెండు గవాక్షాల వెలుగు మధ్య, మహారాజు న్యాయం చెప్పే దంతపు పీఠం మీద ధూమ్రజంఘుడు కాలు మీద కాలు వేసుకుని కూర్చుని అర్జీలు చదువుకుంటూ నవ్వుకుంటున్నాడు. వసుకేతుడు ఒక్క గెంతులో మీదపడి పొగదండాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఏమాశ్చర్యం! దండం చేతుల్లోంచి జారిపోయింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది.

"హహ్హహ్హా! ఎవడనుకున్నాను, నా స్నేహితుడే!" అన్నాడు ధూమ్రజంఘుడు. "ఓరీ రాకుమారా! నూరేళ్లుగా మా గురుపరంపర ఈ గుమ్మం ముందు కాచుకుని కూర్చుంది. లోపలికి దారి ఇచ్చింది నీ చేయే. ఇక ఆ చేయి నన్నేం కొడుతుంది? పో, పోయి మీ జనంతోపాటు ముసలివాడి చేయి నరకడం చూడు!"

మాంత్రికుడు ఉఫ్‌మని ఊదాడు. సుడిగాలి వసుకేతుణ్ణి ఎత్తి గవాక్షంలోంచి బయటకు విసిరింది. గుమ్మటం మీద దొర్లి, వాననీటి కాలువలో జారి, ఇటుకల అంచు తప్పి, కిందకు పడిపోతూ చేతికందిన దేన్నో పట్టుకుని వేలాడాడు. అది ఉత్తరద్వారం మీది యక్షి రాతి భుజం.

"ఎవరది? బరువుగా ఉన్నావు" అంది రాయి.

"తల్లీ! నేను వసుకేతుణ్ణి, ధరణీవర్మ కొడుకును. రక్షించు!"

"ధరణీవర్మ చేయి తెలుసు. వాళ్ల నాన్న చేయి తెలుసు. ఆ రాణి బొబ్బల చేయి దగ్గర నుంచీ ఐదు తరాల చేతులు ఈ గోడ పూతల కింద పొరలు పొరలుగా ఉన్నాయి. నీ చేయి నేనెరగను. మొన్న పూసిన చేయి ఎవరిదో నాకు చెప్పినవారు లేరు. ఎవరి ఎదుట దొంగపూత పడిందో వాళ్ల ఎదుటే నిజం చెప్పి, కొత్త పూత పడాలి. అప్పటిదాకా నేను ఒట్టి రాయిని" అని యక్షి కళ్లు మూసుకుంది.

వసుకేతుడు వేలాడుతూ కిందకు చూశాడు. గుమ్మం ముందు సున్నపు గానుగ పక్కన మొద్దు వేశారు. చుట్టూ ఊరంతా చేరింది. మొద్దు దగ్గర దుగ్గన చతికిలబడి ఉన్నాడు. అతడి మనవరాలు కొమ్మసాని తాత కుడిచేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని వదలడం లేదు. వాళ్ల మాటలు పైకి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"పిల్లా, నా మాట ఇను. ఈసారి సున్నంలో ఏసిన కరక్కాయలు కొత్త అడివివి. ఇంకొక పూట నానెయ్యాల్సింది. నేనే తొందరపడ్డాను."

"నువ్వు తొందరపడ్డావా! ముప్పై రోజులు మాగబెట్టిన సున్నం తాతా అది. నేనే ఏలు పెట్టి చూశా. వెన్నలా ఉంది."

"మరి గోడ ఎందుకు పట్టలేదే? గోడ అబద్ధమాడదు కదా. నా చెయ్యే తప్పయ్యుంటది. చూపు ఆనడం లేదు, ముసలాణ్ణయ్యాను. ఆ మాట చెప్పుకోడానికి సిగ్గేసి ఊరుకున్నా." దుగ్గన మనవరాలి పట్టులోంచి చేతిని లాక్కోబోయాడు. "నా సిగ్గు రాజుగారి కొంపమీదికి తెచ్చింది. తీసెయ్యనీ."

మొసళ్ల మడుగులు దాటినప్పుడు గానీ, పొగసర్పం కాటు వేసినప్పుడు గానీ వసుకేతుడికి ఇంత నొప్పి తెలియలేదు. తాను చేసిన పనికి ఆ ముసలివాడు సిగ్గుపడుతున్నాడు. తన నోరు మూతపడి ఉన్న ఈ మూడు రోజుల్లో, డెబ్బై ఏళ్లు సున్నం కలిపిన మనిషి తన చేతిని తానే నమ్మడం మానేశాడు. రణభీముడు కత్తి దూశాడు. వసుకేతుడు పట్టు వదిలి ఇసుక కుప్పమీదకు దూకాడు.

"ఆగండి!"

కత్తి ఆగింది. అతడు గడ్డం పీకి పారేశాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత "యువరాజు! మన చిన్నదొర!" అని జనం జేజేలు కొట్టారు. రాజవీధిలో ప్రమిద వెలిగించిన ఆడవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. ఆ సంతోషం ముందు నోరు పెగలడం ఇంకా కష్టమైంది.

"దుగ్గన సున్నంలో దోషం లేదు" అన్నాడు. వెనక వరసలకు వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాడు. "మొన్న తొలిపూత వేసింది నేను కాదు. నా అడపంవాడికి ఉంగరం తొడిగి, గుడ్డ కప్పి కూర్చోబెట్టాను. రాకుమారుల ముందు సున్నం ముట్టుకోవడం నాకు నామోషీ అనిపించింది. అందుకని చేశాను. మూడు రోజులుగా దాక్కున్నాను. మీరు నాకోసం ఏడుస్తుంటే మీ పక్కనుంచే నడిచి వెళ్లాను."

జేజేలు ఆగిపోయాయి. ఎవరో పసిబిడ్డ ఏడుస్తుంటే తల్లి నోరు నొక్కింది. రణభీముడు కత్తి దించి నేల చూశాడు. రాళ్లు విసిరినా బాగుండేది. ఒక్కరూ విసరలేదు.

దుగ్గన మొద్దు పట్టుకుని మెల్లగా లేచాడు. యువరాజు దగ్గరకు వచ్చి, ఆనని కళ్లతో ముఖంలోకి చూస్తూ ఒక్కటే అడిగాడు.

"అయితే బాబూ, నా సున్నం బాగానే ఉన్నట్టేనా?"

"బాగుంది పెద్దయ్యా" అని వసుకేతుడు తలూపాడు.

ముసలివాడు తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఏడ్చాడు.

కొమ్మసాని మాత్రం ఊరుకోలేదు. "రెండు రోజుల నుంచి మా తాత కరక్కాయ ముక్క నోట్లో ఏసుకుని నవులుతానే ఉన్నాడయ్యా, వగరు తగ్గిందేమోనని! అన్నం ముట్టలేదు. ఇప్పుడొచ్చి బాగుందంటావా?" వసుకేతుడు సున్నపు తొట్టి వైపు చేయి చాపితే ఆమె అడ్డం నిలబడింది. "అది మా తాత కలిపిన సున్నం. దాన్ని ముట్టుకోమాక. నీ సున్నం నువ్వు దంచుకో."

సరిగ్గా అప్పుడు పైన గుమ్మటం నుంచి పెళపెళమని చప్పుడు! పన్నెండు గవాక్షాల్లోంచీ నల్లటి పొగ ఉబికింది. ధూమ్రజంఘుడికి సంగతి తెలిసిపోయింది. లోపల గొలుసులు తెంచమని ఏనుగులను పొడుస్తున్నాడు. గోడలు దద్దరిల్లాయి. జనం చెల్లాచెదురయ్యారు.

వసుకేతుడు గుంటలో మాగుతున్న ఒట్టి సున్నం తెచ్చి గానుగలో పోసి, కాడిని భుజానికెత్తుకున్నాడు. ఎద్దు తిరిగే దారిలో యువరాజు తిరిగాడు. రాతిచక్రం కదిలింది. కొమ్మసాని బెల్లం నీళ్లు పోసింది, దుగ్గన కరక్కాయ నీళ్లు పోస్తూ "ఇంకా, ఇంకా. పలుకు తగులుతోంది" అని హెచ్చరించాడు. పైనుంచి ఇటుకలు రాలుతున్నాయి. ఒకటి యువరాజు భుజాన్ని చీల్చింది. "ఆపమాక!" అన్నాడు దుగ్గన. ఇటుకల వానలో తలపాగా కూడా లేకుండా ఆ ముసలివాడు పక్కనే నిలబడ్డాడు.

సున్నం వెన్నైంది. వసుకేతుడు గుప్పెడు తీసి గుమ్మానికి కొట్టాడు. జారి పడిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ పడింది.

"చెయ్యి వణికితే గోడ పట్టుకోదు బాబూ" అని దుగ్గన అతడి మణికట్టు పట్టుకున్నాడు. నరకబోయిన చేయి అది. "అరచెయ్యి మొత్తం ఆనించు. గోడకు నీ బరువు ఇయ్యి."

మూడోసారి గోడ పట్టుకుంది. సున్నం అరచేతిని నిప్పులా కాల్చింది. ఐదు వేళ్ల గుర్తూ నిలిచింది.

రాతి యక్షి కళ్లు తెరిచింది. ఏడు ద్వారాలూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. గొలుసులు ఝల్లుమని రాలాయి. ధూమ్రజంఘుడు కెవ్వున అరిచి పొగగద్దగా మారి, దండాన్ని గోళ్లలో ఇరికించుకుని, గుమ్మటం పగులులోంచి ఉత్తరదిక్కుగా ఎగిరిపోయాడు. దండం వాడితోనే పోయింది. ఉత్తరద్వారంలోంచి నడిచి వచ్చిన ధరణీవర్మ మహారాజు ఇంకా ఏనుగుగానే ఉన్నాడు.

లోపల కట్టేసి ఉన్నా ఆయన చెవులు పెద్దవి. అంతా విన్నాడు.

వసుకేతుడు ఎదురు నిలబడ్డాడు. ఊరికి చెప్పిన మాట తండ్రికి విడిగా చెప్పాలి. "నాన్నగారూ, ఆ రోజు మీ గుమ్మానికి సున్నం పూసింది నేను కాదు."

తెల్లమచ్చ ఏనుగు కొడుకును దాటి నడిచింది. దుగ్గన ముందు ఆగి, తొండం చాచి, ఆ ముసలి కుడిచేతిని మణికట్టు నుంచి వేళ్లదాకా మెల్లగా తడిమింది. తర్వాత ఊరంతా చూస్తుండగా ముందరి కాళ్లు మడిచి మోకరిల్లింది.

"లెగండి మహారాజా, తప్పు తప్పు! నన్ను పాపంలోకి దించమాకండి" అని దుగ్గన కంగారుపడ్డాడు. ఏనుగు లేవలేదు.

రణభీముడు గుర్రాన్ని తెచ్చాడు. వసుకేతుడు కళ్లెం అందుకుంటుండగా దుగ్గన పనివాడి గొంతుతో కేకేశాడు. "బాబూ! తొలిపూత ఒక్కటే నిలవదు. తొమ్మిదో రోజున పచ్చి ఆరేలోపు రెండో పూత పడాలి. వేసిన చెయ్యే వెయ్యాలి. లేకపోతే బీటలిచ్చి ఊడిపోద్ది."

"వస్తాను పెద్దయ్యా. దండంతోనే వస్తాను."

అతడు గుర్రమెక్కి వెనక్కు తిరిగాడు. "వెళ్లొస్తాను నాన్నగారూ" అన్నాడు. ఏనుగు చెవి ఒకటి కదిలింది. విన్నదని అందరికీ తెలిసింది. ముఖం మాత్రం ఇటు తిరగలేదు. వసుకేతుడు ఇంకొంచెంసేపు చూసి, గుర్రాన్ని ఉత్తరం దారి పట్టించాడు. బాకాలవాళ్లు కోటవాకిట్లోనే ఉన్నారు. ఒక్కడూ ఊదలేదు.